ఆ దుమ్ము ఎవరిది?

పొద్దున్నే టీవీ తుడుస్తారు. సాయంత్రం సీరియల్ టైముకి దాని మీద మళ్లీ వేలితో పేరు రాయొచ్చు. కిటికీ చువ్వలు, ఫ్రిజ్ మీద పరిచిన గుడ్డ, బాల్కనీలో ఆరేసిన తెల్లచొక్కా... దేన్నీ వదలదు. మెయిన్‌రోడ్డు పక్క ఫ్లాటయితే ఇక చెప్పనే అక్కర్లేదు. 'అంతా ఆ బస్సుల పొగేనమ్మా' అంటారు మామగారు. 'కాదు మామయ్యా, ఎదురుగా అపార్ట్‌మెంటు కడుతున్నారుగా, ఆ సిమెంటు' అంటుంది కోడలు. 'సందు చివర రోజూ చెత్త తగలబెడుతున్నారు, మీకు వాసన రావట్లేదూ?' అని పక్కింటావిడ. ముగ్గురు చెప్పిందీ నిజమే. ఎవరి మాటలో నిజం ఎంత అన్నదే తేలదు.

ఈ తగవు ఇళ్లకే పరిమితం కాదు. గాలి పాడైందని కోర్టు అడిగినా, పత్రికలు రాసినా ఆఫీసుల మధ్య కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. రవాణావాళ్లు ఫ్యాక్టరీల వైపు చూపిస్తారు. ఫ్యాక్టరీలవాళ్లు వాహనాల వైపు చూపిస్తారు. అందరూ కలిసి రోడ్డు మీది మట్టిని చూపిస్తారు, పాపం దానికి నోరు లేదు కాబట్టి! కూడలిలో పెట్టిన కాలుష్యం బోర్డు ఏమైనా చెబుతుందా అంటే అదీ లేదు. 'ఘనపు మీటరు గాలిలో ధూళికణాలు ఇన్ని మైక్రోగ్రాములు' అని మొత్తం ఒక్కటే చూపిస్తుంది. పద్దులు రాయకుండా మొత్తం మాత్రమే వేసిచ్చిన కిరాణా చీటీ లాంటిదన్నమాట. బియ్యానికెంత, నూనెకెంత అన్నది అందులో ఉండదు.

ఆ పద్దులు విడదీసే శాస్త్రం ఒకటి ఉంది. ఇంగ్లిషులో సోర్స్ అపోర్షన్‌మెంట్ అంటారు. మన మాటల్లో వాటాలు తేల్చడం. గాలిలోంచి చిటికెడు ధూళి పట్టుకుని, అందులో డీజిలు పొగ ఎంత, మట్టి ఎంత, బొగ్గు ఎంత, చెత్తమంట ఎంత అని లెక్కకట్టడం. హైదరాబాద్ ధూళికి కూడా ఒకసారి ఈ పరీక్ష జరిగింది. దాని సంగతి చెప్పుకునే ముందు అసలు ఆ చిటికెడు ఎలా దొరుకుతుందో చూద్దాం.

ఏడు ఉప్పురవ్వలు

చిటికెడు అన్నది కూడా పెద్దమాటే. ఈ పనికి వాడే చిన్నరకం శాంప్లర్లు నిమిషానికి 5 లీటర్ల గాలి పీలుస్తాయి. రోజంతా తిరిగితే 7,200 లీటర్లు, అంటే 7.2 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాముల సన్నధూళి ఉన్న రోజున ఇరవైనాలుగు గంటలూ పీల్చి పీల్చి అది పోగుచేసేది సుమారు 430 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో సగం కూడా కాదు! మన వంటింటి సన్న ఉప్పులో ఏడు రవ్వల బరువు ఉంటుందేమో. నగరం గాలి గుట్టంతా అందులోంచే లాగాలి.

అందుకే ఇది మహా చాదస్తపు పని. రూపాయి బిళ్ల కంటే బాగా పెద్దగా, 47 మిల్లీమీటర్ల వెడల్పున ఉండే గుండ్రటి ఫిల్టర్లు వాడతారు. ముందు ఖాళీ ఫిల్టరును తూస్తారు. గ్రాములో పదిలక్షలో వంతును కూడా చూపించే తక్కెడ అది. గదిలో చెమ్మ కొంచెం పెరిగినా కాగితం బరువు మారిపోతుంది. అందుకని ఫిల్టర్లను ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి, ఆ తర్వాతే తూస్తారు. టెఫ్లాన్ ఫిల్టరుకి స్థిరవిద్యుత్తు అంటుకుంటే తక్కెడ అబద్ధం చెబుతుంది. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టే ఇదీనూ. ఆ విద్యుత్తు పోగొట్టడానికి పొలోనియం అనే రేడియోధార్మిక పదార్థం పూసిన చిన్నపట్టీ దగ్గర పెడతారు. చేత్తో ముట్టుకోవడం అనే మాటే లేదు. వేలి నూనె అంటితే ధూళి బరువు కంటే అదే ఎక్కువ తూగుతుంది మరి.

ఒక్క ఫిల్టరు చాలదు కూడా. లోహాలు చూడటానికి టెఫ్లాన్‌ది ఒకటి, కర్బనం చూడటానికి క్వార్ట్జ్‌ది ఇంకొకటి. క్వార్ట్జ్ ఫిల్టరును ముందే కొలిమిలో పెట్టి కాలుస్తారు, దానికి మునుపే అంటుకుని ఉన్న కర్బనం పోవాలని. వాడిన తర్వాత ఫ్రిజ్‌లో దాస్తారు. లేకపోతే ధూళిలో కొంత ఆవిరై ఎగిరిపోయే సరుకే.

దుమ్ముకీ వేలిముద్రలు

ల్యాబుకు చేరాక ఫిల్టరు మీద ఎక్స్‌కిరణాలు పడతాయి. ఒక్కో మూలకం తనదైన కాంతిని వెనక్కి పంపుతుంది. దాన్నిబట్టి సిలికాన్, ఇనుము, పొటాషియం, సీసం, జింకు ఏది ఎంతుందో తెలుస్తుంది. ఇంకో ముక్కను నీళ్లలో నానబెట్టి సల్ఫేట్లు, నైట్రేట్లు, అమ్మోనియం లెక్కపెడతారు. మూడో ముక్కను హీలియంలో మెల్లగా వేడిచేసి, తర్వాత ఆక్సిజన్ కలిపి కాలుస్తారు. ముందు ఎగిరిపోయేది ఒకరకం కర్బనం, చివరిదాకా మొండికేసి కాలేది మసి.

ఇప్పుడు వేలిముద్రల కథ. మట్టిలో సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, ఇనుము ఎక్కువ. కట్టెలు, ఆకులు, పిడకలు కాలిస్తే పొటాషియం వస్తుంది. మన అమ్మమ్మలు బూడిదతో అంట్లు తోమేవారే, ఆ బూడిదకి పదును వచ్చింది పొటాషియం లవణాలవల్లే. దాంతోపాటు కలపలోని సెల్యులోజు కాలినప్పుడు మాత్రమే పుట్టే లెవోగ్లూకోసాన్ అనే చక్కెరజాతి పదార్థం కూడా దొరుకుతుంది. అది కనిపించిందంటే ఎక్కడో చెట్టుచేమా తగలబడినట్టే. డీజిలు ఇంజినుది మసి. బ్రేకులు అరిగితే రాగి, బేరియం, యాంటిమొనీ. టైరు అరిగితే జింకు. బొగ్గు మండితే ఆర్సెనిక్, సెలీనియం లాంటివి. ఓడల్లో మండించే చిక్కటి నూనెకి వెనేడియం, నికెల్. దీపావళి మర్నాడు తీసిన ఫిల్టరు చూస్తే స్ట్రాన్షియం, బేరియం ఒక్కసారిగా పైకి లేస్తాయి. అవి వరసగా ఎర్ర, పచ్చ రంగు మతాబుల గుర్తులు.

కొన్ని వేలిముద్రలు చెరిగిపోతాయి కూడా. ఒకప్పుడు గాలిలో సీసం కనిపించిందంటే పెట్రోలు వాహనమని కళ్లు మూసుకుని చెప్పేవారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు సీసం కనిపిస్తే అనుమానించాల్సింది పాత బ్యాటరీలు కరిగించే కొలుముల్ని.

విశాఖ వన్‌టౌన్‌లో ఇళ్లు తుడిచే గుడ్డ నల్లబడుతుందన్న ఫిర్యాదు ఎన్నో ఏళ్ల నాటిది. అక్కడ రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతులు, ఎగుమతులు ఉన్నాయి. ఓడలు, లారీలు, పరిశ్రమలు ఉన్నాయి. పైన సముద్రపు ఉప్పు. గుడ్డ మీద నలుపు అంతా ఒకేలా ఉంటుంది కానీ మైక్రోస్కోపు కింద పెడితే బొగ్గు పొడి పలుగురాళ్ల ముక్కల్లా, ఇంజిను మసి ముత్యాల గొలుసులు చిక్కుపడినట్టు కనబడతాయి. నలుపు నలుపే అయినా ఒకటి కాదు!

పదో తరగతి లెక్క

ఇన్ని గుర్తులు దొరికాక వాటాలు ఎలా తేలుస్తారు? చిన్న ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవే సుమండీ, ఏ ఊరివీ కావు.

ఫిల్టరు మీద 100 మైక్రోగ్రాముల ధూళి ఉంది. అందులో సిలికాన్ 8, మసి 12. మట్టిదుమ్ములో నూటికి 20 పాళ్లు సిలికాన్ ఉంటుందని ముందే పరీక్షించి పెట్టుకున్నాం. అంటే 8 సిలికాన్ రావాలంటే 40 మైక్రోగ్రాముల మట్టి ఉండాలి. వాహనాల పొగలో నూటికి 40 పాళ్లు మసి అనుకుంటే 12 మసికి 30 మైక్రోగ్రాముల పొగ. రెండూ కలిపి 70. మిగిలిన 30 ఎక్కడిది? ల్యాబు చీటీ చూస్తే అమ్మోనియం సల్ఫేటు, నైట్రేటు కలిపి 20 ఉన్నాయి. ఇంకా 10 ఎవరివో తెలియదు. ఆ పది పొయ్యిదో, చెత్తమంటదో వెతకాలి. వెతికితే కట్టెలపొగలోనూ కాస్త మసి ఉంటుందని గుర్తొస్తుంది. అంతే, వాహనాల లెక్క మళ్లీ మొదటికి!

అందుకే ఒక్కోదాన్ని విడివిడిగా కాకుండా అన్నిటినీ కలిపి ఒకేసారి సాధిస్తారు. పదో తరగతిలో రెండు చరరాశుల సమీకరణాల జత చేశాం కదా, అదే. కాకపోతే ఇక్కడ చరరాశులు ఏడెనిమిది, సమీకరణాలు పాతిక. ప్రతి అంకెకూ 'ఇటూ అటూ ఇంత' అన్న తేడా ఉంటుంది. నమ్మకం ఎక్కువున్న అంకెకి ఎక్కువ విలువ ఇస్తూ కంప్యూటరు సర్దుతుంది. కెమికల్ మాస్ బ్యాలెన్స్ అని దీని పేరు. లాస్ ఏంజెలిస్ పక్కనున్న పసాడెనా పొగమంచు మీద షెల్డన్ ఫ్రీడ్‌లాండర్ అనే శాస్త్రవేత్త 1973లో ఈ దారి చూపించారు.

ఇందాకటి సల్ఫేట్లు, నైట్రేట్లు మాత్రం వింతైనవి. అవి ఏ గొట్టంలోంచీ కణాలుగా బయటికి రావు. బొగ్గు మండినప్పుడు గంధకం వాయువు వస్తుంది, ఇంజిన్లలోంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. పేడకుప్పలు, యూరియా చల్లిన పొలాల నుంచి అమ్మోనియా వస్తుంది. ఇవి గాలిలో కలుసుకుని, గంటలో రోజులో ప్రయాణం చేసి, కణాలుగా గడ్డకడతాయి. మన వీధిలో దొరికిన కణానికి కన్నవారు వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఊళ్లో ఎంత ఊడ్చినా అది పోదు.

పంజగుట్టలో ఏం తేలింది?

సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2005లో హైదరాబాద్ గాలి వాటాలు తేల్చే పని మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలితో పాటు అమెరికాలోని డెసర్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కూడా ఇందులో పాలుపంచుకున్నారు. మూడు చోట్లు ఎంచుకున్నారు. క్షణం తీరిక లేని పంజగుట్ట ఒకటి. ఇళ్లూ దుకాణాలూ కలగలిసిన చిక్కడపల్లి రెండోది. ఊరికి దూరంగా, రాళ్లగుట్టల మధ్య ప్రశాంతంగా ఉండే సెంట్రల్ యూనివర్సిటీ మూడోది. మూడు రుతువుల్లో కలిపి 180 నమూనాలు తీశారు. ప్రతిచోటా రెండు సైజులు విడివిడిగా పట్టారు. 10 మైక్రాన్ల లోపువి పీఎం-10, రెండున్నర మైక్రాన్ల లోపువి పీఎం-2.5. ఆ విడివిడిగా పట్టడంలోనే అసలు విషయం బయటపడింది.

పీఎం-10 తూచి చూస్తే వాహనాల పొగ, రోడ్డు మీద లేచే దుమ్ము ఈ రెండే కలిసి 60 శాతం పైన. మామగారి మాట నెగ్గినట్టే. కానీ ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్లే పీఎం-2.5 తూచేసరికి బోనులోకి ఇంకా చాలామంది వచ్చారు. వాహనాల పొగతోపాటు ఫ్యాక్టరీల్లో మండే బొగ్గు, చెత్తమంటలు, గాలిలోనే గడ్డకట్టిన ఆ కణాలు. పక్కింటావిడ చెప్పిన చెత్తకుప్పను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కదా, శాస్త్రవేత్తలు మాత్రం పేరుపెట్టి మరీ చెప్పారు. రోడ్ల దుమ్ము, చెత్త తగలబెట్టడం ఈ రెండూ పెద్ద ఖర్చు లేకుండా ముందుగా ఆపగలిగినవి అని. శరత్ గుట్టికొండ తదితరులు ఈ ఫలితాలను తర్వాత 2013లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. నగరం గాలికోసం కాలుష్య మండలి తయారుచేసిన కార్యాచరణకు ఆధారం కూడా ఇవే.

ఇక్కడ మన టీవీ మీది దుమ్ము దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్లాలి. ఫ్యాను ఆపేసి, గాలి కదలకుండా ఉన్న గదిలో 10 మైక్రాన్ల రేణువు పైకప్పు నుంచి నేలకి దిగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో చాలు. రెండున్నర మైక్రాన్లదానికి నాలుగు గంటలు పడుతుంది. అర మైక్రాను మసికి మూడు రోజులు దాటుతుంది. కదలని గాలిలోనే అంతసేపయితే, మనుషులు తిరిగే ఇంట్లో అది దిగేదెప్పుడు? అంటే టీవీ మీద మనకి కనిపించి విసుగు తెప్పించేది ఎక్కువగా లావురకం. దాన్ని చాలావరకు ముక్కూ గొంతూ పట్టేస్తాయి. ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా పోయేది ఏ గుడ్డకీ అంటకుండా తేలుతూనే ఉంటుంది. తుడిచిన దుమ్మును బట్టి గాలికి మార్కులేస్తే తప్పుతాం.

కవలలతో చిక్కు

ఈ విద్యలో లోపాలు లేవా? బోలెడు. సందు చివర పిడకల పొగకీ కట్టెల పొగకీ తేడా చెప్పమంటే కష్టం. ఎగిరే పొలం మట్టి, రోడ్డు దుమ్ము, కడుతున్న ఇంటి దుమ్ము దాదాపు ఒకే తల్లి బిడ్డలు. డీజిలు లారీ పొగ, షాపు ముందు జనరేటరు పొగ కవలలే. కంప్యూటరు వీటిని కలిపి ఒక ఖాతాలో వేసేస్తుంది, లేదా ఒకరి నేరం ఇంకొకరి మీద పెడుతుంది.

పైగా వేలిముద్రల పుస్తకం మనదై ఉండాలి. అమెరికా కారు పొగ గుర్తులు పట్టుకుని మన షేరింగ్ ఆటోని వెతికితే దొరుకుతుందా? ఈ లోటు తీర్చడానికే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆరు నగరాల అధ్యయనం కోసం మన వాహనాల పొగ గుర్తుల్ని పుణెలోని ఏఆర్ఏఐ చేత, మిగతా వాటిని ఐఐటీ బాంబే చేత తయారుచేయించింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూర్ ఆ ఆరు నగరాలు. హైదరాబాద్ ఆ జాబితాలో లేదు.

రుతువు మారితే జవాబూ మారుతుంది. ఢిల్లీ ప్రభుత్వం కోసం ఐఐటీ కాన్పూర్ చేసి 2016లో ఇచ్చిన నివేదికే చూడండి. చలికాలం పీఎం-2.5లో వాహనాల వాటా 25 శాతం. అదే నగరంలో వేసవిలో 9 శాతం. వాహనాలు ఏమీ తగ్గలేదు, ఎడారి మట్టి, బూడిద వచ్చి వాటాలు మార్చేశాయి. అదే నివేదికలో ఇంకో పట్టిక ఉంది. నగరంలో ఎక్కడెక్కడ ఎంత వెలువడుతోందని వీధి వీధీ లెక్కరాసింది. దాని ప్రకారం పీఎం-2.5లో రోడ్డు దుమ్ము 38 శాతం! చలికాలం ఫిల్టరు మీద చూస్తే మాత్రం మట్టి అంత లేదు. లేచింది ఎంత అన్నది ఒక లెక్క, లేచి మనిషి ముక్కుదాకా వచ్చింది ఎంత అన్నది ఇంకో లెక్క. రెండూ ఒకే నివేదికలో ఉన్నాయి కాబట్టి ఎవరికి కావలసిన అంకె వాళ్లు చదువుకున్నారు.

ఇకపై 'కాలుష్యంలో ఫలానావాళ్ల వాటా ఇంత శాతం' అని పేపర్లో కనిపిస్తే (మేం రాసినా సరే) మూడు ప్రశ్నలు వేయండి. ఏ సైజు ధూళిలో? ఏ నెలలో? ఫిల్టరు పెట్టింది ఎక్కడ?

డబ్బంతా చీపురుకే

ఈ శాతాల మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటే వాటి వెంట డబ్బు నడుస్తుంది. గాలి బాగుచేయడానికి కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు సహా మన ఊళ్లు ఎన్నో అందులో ఉన్నాయి. ఊరు బాగుపడిందా లేదా అన్నది ప్రధానంగా పీఎం-10 చూసి తేలుస్తూ వచ్చారు. పీఎం-10లో బరువంతా మట్టిది. మట్టి తగ్గిస్తే మార్కులు వస్తాయి. మరి ఖర్చెటు పోతుంది? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క చూస్తే ఖర్చుపెట్టిన నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ముకే పోయింది. గుంతలు పూడ్చడం, నీళ్లు చల్లడం, ఊడ్చే యంత్రాలు కొనడం. పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా దక్కలేదు.

రోడ్లు ఊడవద్దని కాదు. పంజగుట్ట ఫిల్టర్లు కూడా ఊడవమనే చెప్పాయి. కానీ అవే ఫిల్టర్లు బొగ్గు గురించీ, చెత్తమంటల గురించీ కూడా చెప్పాయి.

ఆ ఫిల్టర్లు పెట్టినప్పుడు పంజగుట్ట మీద మెట్రో లేదు. 2018 సెప్టెంబరులో వచ్చింది. ఊరి గాలికి దూరంగా ఉంటుందని సెంట్రల్ యూనివర్సిటీని ఎంచుకున్నారు కదా, దాని గోడ అవతల గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రాళ్లగుట్టలు పేల్చి ముప్పై నలభై అంతస్తులు లేపారు. 2005 నాటి శాతాలు 2005 నాటి ఊరివి.